గగన్ మహల్ కథ రాయలతో ఆగిపోలేదు

సంపాదకులు గారికి,

మొన్న ఆదివారం మీ జిల్లా పేజీలో పెనుకొండ గగన్ మహల్ గురించి వేసిన వార్త చదివాను. ఫొటో పెద్దదే వేశారు, సంతోషం. కానీ కృష్ణదేవరాయల వేసవి విడిది అని ఒక ముక్క రాసి, అక్కడితో చరిత్ర అయిపోయినట్టు వదిలేశారు. ఎప్పుడు చూసినా ఇదే వరస. ఆ మహల్‌కు రాయల తర్వాత దిక్కే లేదా?

పెనుకొండ అసలు పెద్దరికం మొదలైందే తర్వాత. 1565లో దక్కను సుల్తానులతో తళ్లికోట యుద్ధం ఓడిపోయాక, అళియ రామరాయల తమ్ముడు తిరుమలరాయలు, పేరుకు చక్రవర్తి అయిన సదాశివరాయల్ని, చేతికందిన ధనాన్ని తీసుకుని వచ్చింది ఇక్కడికే. హంపి పాడుపడితే సామ్రాజ్యానికి రాజధానిగా నిలబడింది ఈ కొండ కింది ఊరే. బీజాపూర్ సేనలు వచ్చి ముట్టడించినా అప్పట్లో కోట లొంగలేదు. రాజధాని చంద్రగిరికి తరలిపోయాక, 17వ శతాబ్దం మధ్యలో ఆ బీజాపూర్ వాళ్లకే చిక్కింది. తర్వాత మొగలులు, గుత్తి మరాఠాలు, హైదర్ అలీ, టిప్పు. టిప్పు పోయాక నిజాం చేతికొచ్చింది. ఆయన 1800లో ఈ సీమనంతా ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. దత్తమండలాలని పేరు పడింది అప్పుడే, కంపెనీ అధికారి థామస్ మన్రో కలెక్టరుగా వచ్చిందీ అప్పుడే. ఇంతమంది చేతులు మారిన ఇల్లు మన సీమలో ఎన్ని ఉన్నాయి?

కట్టడం చూసినా తెలుస్తుంది. కింద సుల్తానుల తరహా కమానులు, పైన గుడి విమానంలా మెట్లు మెట్లుగా లేచిన శిఖరం. రెండు పనితనాలూ ఒకే గోడలో కలిసిపోయాయి. ఆ గోడ మీదే ఇప్పుడు మేకులతో గీకిన పేర్లు, ప్రేమ గుర్తులు. మెట్ల పక్కన గచ్చు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. వేలు పెడితే సున్నం పొడి రాలుతోంది. దయచేసి బాగుచేస్తామని సిమెంటు మాత్రం పూయకండి. సిమెంటు లోపలి తడిని బయటికి పోనివ్వదు, పాత గచ్చునూ తనతో పాటే ఊడదీస్తుంది. సున్నంతో చేసిన గోడకు సున్నంతోనే మరమ్మతు చేయాలి. ఆ పని తెలిసిన మేస్త్రీలు లేరంటే నేర్పించండి.

అడుగుదామంటే ఎవరిని అడగాలి? 2022లో జిల్లాలు విడదీసినప్పటి నుంచి అనంతపురంలో అడిగితే కొత్త జిల్లా కేంద్రం పుట్టపర్తి వెళ్లమంటారు, అక్కడికి పోతే అది వేరే శాఖది అంటారు. ఏ పనికైనా ఇవే తిప్పలు. మాకు చెప్పులు అరగడమే మిగులుతోంది. హైవే పక్కనే ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చింది, రోడ్లు పడ్డాయి, మంచిదే. అనంతపురం నుంచి లేపాక్షికి పోయేవాళ్లంతా పెనుకొండ దాటుకునే పోతారు. ఒక్క గంట ఇక్కడ ఆగండని చెప్పే మంచి బోర్డు పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

మహల్ ముందు తిరుమలరాయల నుంచి మన్రో దాకా వరుసగా పేర్లు, సంవత్సరాలతో తెలుగులో, కన్నడంలో, ఇంగ్లీషులో బోర్డు పెట్టాలి. పగలూ రాత్రీ ఉండే కాపలా మనిషిని వేయాలి. ఇవి చేయాల్సిన శాఖ ఏదో కలెక్టరు గారు ముందు తేల్చాలి. మీరు కూడా ఆ వార్తకు రెండో భాగం వేయండి, ఈసారి రాయల తర్వాత నుంచి.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అనంతపురం