పాథాలజీ మేడమ్‌కి, ఇంకా మా అమ్మ విషయంలో చెయ్యేసిన అందరికీ

అందరికీ నమస్తే. అమ్మ రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయిపోయాయి, ఇప్పుడు రోజుకో మాత్ర, మధ్యమధ్యలో చెకప్, అంతే. సాయం చేసినవాళ్లందరికీ ఫోన్ చేసి చెబుదామంటే చాలామంది నంబర్లు నా దగ్గర లేవు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా ఫైలు ఎక్కడా ఆగకుండా దగ్గరుండి చూసుకున్న ఆరోగ్యమిత్రకి, కీమోలో ఎర్ర మందు ఎక్కించిన రోజు రాత్రి మూత్రం ఎర్రగా వస్తే రక్తమనుకుని అమ్మ హడలిపోయినప్పుడు ఫోనెత్తి "అది మందు రంగేనమ్మా, నీళ్లు బాగా తాగించు" అని ధైర్యం చెప్పిన నర్సక్కకి, మేం హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లూ మా గేదెల పాలు పితికి కేంద్రానికి పోసొచ్చిన పక్కింటి బాబాయికి, పిన్నికి ఎంత చెప్పినా తక్కువే. కానీ ఈ పోస్టు ముఖ్యంగా ఒకరి గురించి. పాథాలజీ మేడమ్, అంటే గడ్డలోంచి తీసిన ముక్కని మైక్రోస్కోపులో చూసి జబ్బేంటో తేల్చే డాక్టరు. పేరు, ఆసుపత్రి రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

బయాప్సీ, అదే గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, మొదట వేరే చోట చేయించాం. అక్కడ "క్యాన్సరే, ఆపరేషన్ చెయ్యాలి" అని రెండు ముక్కల్లో తేల్చేసి తర్వాతి పేషెంటుని పిలిచేశారు. ఇంటికి రాగానే చుట్టాల పంచాయతీ మొదలైంది. తమ్ముడికి తొందరగా పాలు మాన్పించావు, ఆ పాలే లోపల గడ్డకట్టి ఇలా తయారయ్యాయని ఒకరు, గేదె కొమ్ము విసిరినప్పుడు తగిలిన దెబ్బే ఇదని ఇంకొకరు. అమ్మ నమ్మేసింది. ముగ్గురికి పాలిచ్చిన రొమ్ముకి క్యాన్సరేంటని ఒకపక్క, చేజేతులా తెచ్చుకున్నానని ఇంకోపక్క, ఆపరేషన్ వద్దని మొండికేసింది.

ఆ ముక్క పెట్టిన గాజు స్లైడ్లు ఇంకోసారి పరీక్షించాలంటే ఇవ్వడానికి వెళ్లినప్పుడు మేడమ్ కనిపించారు. మామూలుగా పాథాలజీ వాళ్లు పేషెంట్లతో మాట్లాడరు, ఆవిడకి ఆ అవసరం కూడా లేదు. బల్ల మీద కూర్చుని ఏడుస్తున్న అమ్మని లోపలికి పిలిచి, ఒక పాత కవరు వెనక బొమ్మ గీశారు. రొమ్ము లోపల పాలగ్రంథి ద్రాక్షగుత్తిలా ఉంటుందట. పండ్లలాంటి చిన్న గదుల్లో పాలు తయారై, కాడల్లాంటి నాళాల్లోంచి చనుమొనకి వస్తాయి. ఆ గదులు సన్నటి నాళంతో కలిసే చోటే ఎక్కువ రొమ్ము క్యాన్సర్లు పుడతాయని అక్కడ పెన్నుతో గుండ్రంగా చుట్టారు. గదుల గోడల్లో, నాళాల గోడల్లో రెండు వరసల కణాలుంటాయి. గదుల్లో లోపలి వరస పాలు తయారు చేస్తుంది, బయటి వరస నొక్కి పాలని ముందుకి తోస్తుంది. జబ్బు ఎక్కువగా లోపలి వరసలో మొదలవుతుంది, బయటి వరసనీ దాని కింద పొరనీ చీల్చుకుని బయటికొస్తే రిపోర్టులో 'ఇన్‌వేసివ్' అని రాస్తారు. అమ్మ రిపోర్టులో ఉన్నది ఆ మాటే.

"మరి పాలు గడ్డకట్టడం?" అంది అమ్మ. మాన్పించాక మిగిలిన పాలు ఒంట్లోకే ఇంకిపోతాయి, పాలు తయారు చేసిన కణాలు చాలావరకు చనిపోయి గ్రంథి మళ్లీ చిన్నదైపోతుంది, దానివల్లా క్యాన్సర్ రాదు, దెబ్బవల్లా రాదు అన్నారు. పాలివ్వడం నిజానికి కొంత కాపాడుతుందట. 30 దేశాల ఆడవాళ్ల లెక్కలు కలిపి 2002లో చూస్తే, పాలిచ్చిన ప్రతి 12 నెలలకి ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గిందట. తగ్గుతుందంతే, పూర్తిగా పోదు. మిగతా అవయవాలు పుట్టేటప్పటికే చాలావరకు తయారై ఉంటాయి, పాలగ్రంథి అలా కాదు, వయసొచ్చినప్పుడు, నెలనెలా, కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్లు చెప్పినట్టల్లా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, ఒక కణం రెండుగా విడిపోయిన ప్రతిసారీ ఎక్కడో ఒక తప్పు పడే అవకాశం ఉంటుంది, అందులో నీ తప్పేం లేదమ్మా అన్నారు. చుట్టాలెవరూ అనని మాట అది.

ఆ తర్వాత, హార్మోను పరీక్ష కోసం రంగు వేసిన స్లైడు మైక్రోస్కోపులో చూపించారు. గోధుమ రంగు చుక్కలు కిక్కిరిసి ఉన్నాయి. ఈస్ట్రోజన్ హార్మోను వచ్చి అతుక్కునే చోటు ఉన్న కణాలకే ఆ రంగు వస్తుందట, అంటే అమ్మ గడ్డ ఆ హార్మోను మీదే బతుకుతోంది. అప్పుడే ఒక కథ చెప్పారు. గ్లాస్గోలో బీట్సన్ అనే డాక్టరు పాలు పడటం గురించి చదువుతుండగా, కొన్ని దేశాల్లో ఈనిన ఆవుకి అండాశయాలు తీసేస్తే పాలు ఆగకుండా ఇస్తుందని తెలుసుకున్నాడట. ఎక్కడో ఉన్న అండాశయానికీ పొదుక్కీ ఏదో లింకుందనుకుని, రొమ్ము క్యాన్సర్ ముదిరిన ఒకావిడకి అండాశయాలు తీసేస్తే గడ్డలు కరిగాయి. 1896లో ఆ సంగతి ప్రచురించాడు. అప్పటికింకా హార్మోను అనే మాటే లేదు! పాడి మధ్యే బతికిన మా అమ్మకి అంతసేపు చెప్పినదాంట్లో ఇదే బాగా ఎక్కింది.

వెంటనే అడిగింది కూడా, "నాకు నలభై దాటగానే గర్భసంచితోపాటు అవి కూడా తీసేశారు కదా డాక్టరమ్మా, ఇంకా హార్మోను ఎక్కణ్ణించి వస్తోంది?" అని. మేడమ్ నవ్వేశారు, మంచి ప్రశ్న అన్నారు. కిడ్నీల మీదుండే చిన్న గ్రంథుల్లోంచి వచ్చే వేరే హార్మోన్లని కొవ్వులో ఉండే అరోమటేజ్ అనే ఎంజైము ఈస్ట్రోజన్‌గా మార్చేస్తుందట. దాన్ని ఆపడానికే ఇప్పుడు అమ్మ వేసుకుంటున్న లెట్రోజోల్ మాత్ర. నా టెన్షన్ కూడా చూసి, పుట్టుకతో వచ్చే జన్యులోపం వల్ల వచ్చేవి నూటికి అయిదు నుంచి పది మాత్రమే అని చెప్పి, అయినా ఒకసారి మీ డాక్టర్ని అడిగి పరీక్ష అవసరమో లేదో తేల్చుకో అన్నారు.

ఆ మాత్రకి కీళ్లు పట్టేస్తున్నాయి, ఎముకలు బలహీనపడకుండా కాల్షియం కూడా వేసుకోవాలి. క్యాన్సర్ పోయింది కదా ఇంకా ఆ మాత్రలెందుకని మా పెద్దత్త అంటే, "కొవ్వులో కూడా తయారవుతుంది వదినా, నీకు తెలీదు" అని అమ్మ అరోమటేజ్ పాఠం మొత్తం అప్పజెప్పింది. అయిదేళ్లు వేసుకోమన్నారు, ఇప్పటిదాకా ఒక్క పూట మానలేదు.

మేడమ్, ఇది మీ కంట పడితే ఒక్క మాట. వచ్చే చెకప్‌కి వచ్చేటప్పుడు అమ్మ మీకు గేదె నెయ్యి తెస్తోంది. వద్దనేటట్టయితే నాతో కాదు, ఆవిడతోనే మాట్లాడుకోండి.