తూకం యంత్రం మీద ఫైళ్ల కట్టలు

సంపాదకులకు నమస్కారం.

మా చెల్లెలికి స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు. ఓలాంజపైన్ మొదలుపెట్టాక చెవిలో వినిపించే మాటలు తగ్గాయి, నిద్ర పట్టింది. ఆ మందుకు రుణపడి ఉన్నాం. కానీ ఏడాదిలో 14 కిలోలు పెరిగింది. జాకెట్ల కుట్లు విప్పించి విప్పించి, ఇక వదలడానికి గుడ్డ మిగలలేదు. ‘నోరు కట్టుకో’ అని సలహా ఇచ్చేవారే అందరూ. ఓలాంజపైన్, క్లోజపైన్ వంటివి ఆకలినే పెంచుతాయని మాకు ముందు చెప్పినవారు లేరు.

ఈ జబ్బులో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత ఎలాగూ దెబ్బతింటాయి. ఊబకాయం, మధుమేహం తోడైన రోగులలో ఆ లోపం మరింత ఎక్కువగా ఉంటోందని పలు పరిశోధనలు చెబుతున్నాయి. కొట్టుకు పంపితే నాలుగు సరుకుల్లో రెండు మరిచి వస్తుంది మా చెల్లెలు. అందులో జబ్బు వాటా ఎంతో, బరువు వాటా ఎంతో తేల్చడం నా వల్ల కాదు గాని, బరువు చూడటం ఆసుపత్రి వల్ల అవుతుంది కదా!

మేము వెళ్లే ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగంలో తూకం యంత్రం ఉంది, దాని మీద పాత ఫైళ్ల కట్టలున్నాయి. రెండేళ్లలో ఒక్కసారీ ఆమెను దాని మీద నిలబెట్టలేదు. మానసిక రోగులకు శారీరక రోగులతో సమానమైన వైద్యం అందాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అంటోంది. మందు రాసిన రోజే బరువు, నడుము కొలత, రక్తంలో చక్కెర, కొవ్వు నమోదు చేసి, ఆ తర్వాతా క్రమంగా చూడాలి. అవసరమైనవారికి మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ ఇస్తే బరువు కొంత అదుపులో ఉంటుంది, అదేమీ ఖరీదైన మాత్ర కాదు.

ఒక్క మాట. బరువుకు భయపడి సొంతంగా మందు ఆపవద్దు. మేము ఆపి చూశాం, మూడు వారాలకే ఆ మాటలు తిరిగి వినిపించాయి.

— ఒక రోగి అన్నయ్య, ఏలూరు