మెటల్ వినేవాళ్లకు ఏ హెడ్‌ఫోన్లు అమ్ముతాం, ఏవి ఆపేస్తున్నాం

అనంతపురంలో మా అంగడికి వచ్చే అందరికీ నమస్కారం. వచ్చే నెల నుంచి హెడ్‌ఫోన్ల అర మొత్తం మారుస్తున్నాం. పెట్టె మీద పెద్దక్షరాలతో 'ఎక్స్‌ట్రా బేస్' అని రాసుండే మోడళ్లలో సగానికి పైగా ఇక తెప్పించం. వాటి చోట వైరున్న ఇయర్‌ఫోన్లు, చెవి మొత్తం కప్పే క్లోజ్డ్ హెడ్‌ఫోన్లు పెడుతున్నాం. ఈ నిర్ణయానికి ముఖ్య కారణం హెవీ మెటల్ (గిటార్లు, డ్రమ్స్ గట్టిగా మోగే రాక్ సంగీతం) వినే మా కస్టమర్లు. అందుకే వాళ్లకు అర్థమయ్యేలా కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. ఎక్స్‌ట్రా బేస్ సెట్ల మీద మాకు మిగిలేది ఎక్కువ. సప్లయర్లు అప్పు మీద కూడా ఇస్తారు. కొత్తగా పెట్టబోయే సరుకుకు ముందే డబ్బు కట్టాలి, మార్జిన్ తక్కువ. 18 శాతం జీఎస్టీ రెండింటికీ ఒకటే. కాబట్టి ఇకమీదట హెడ్‌ఫోన్ల దగ్గర బేరం ఉండదు. ఎమ్మార్పీ కంటే ఎంత తగ్గించగలమో అంతా తగ్గించి రేటు రాసిపెడతాం. తెలిసినవాళ్లకైనా, కొత్తవాళ్లకైనా ఆ రేటే.

మన ఊళ్లో మెటల్ వినేవాళ్లు ఎంతమంది ఉంటారని బయటివాళ్లు అడుగుతుంటారు. ఇంజినీరింగ్ కాలేజీలున్న ఊరు ఇది. బెంగళూరు 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికల్లా అక్కడుంటారు. 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా బ్యాండ్లు అక్కడి ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించినప్పటి సంగతులు చెప్పేవాళ్లు ఇప్పటికీ మా అంగడికి వస్తుంటారు. వాళ్ల తమ్ముళ్లు, ఇప్పుడు హాస్టళ్లలో ఉన్న పిల్లలు వచ్చి అడిగే మొదటి మాట, "అన్నా, బేస్ గట్టిగా ఉండేది చూపించు" అని. తీసుకుపోతారు. వారం తర్వాత మళ్లీ వచ్చి, "గిటార్ సరిగా వినపడట్లేదన్నా" అంటారు. సెట్టులో రిపేరేమీ ఉండదు. ఆ సెట్టు తయారైందే వేరే రకం పాటల కోసం.

మెటల్‌లో సౌండ్ ఎలా పేరుకుంటుందో తెలిస్తే ఈ చిక్కు అర్థమవుతుంది. గిటార్‌లో అన్నిటికంటే లావు తీగను మామూలుగా శ్రుతి చేస్తే దాదాపు 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ శబ్దం లోతుగా, బరువుగా ఉంటుంది. మెటల్‌కు పునాది వేసిన బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గిటారిస్టు టోనీ ఐయోమీ పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ కుడిచేతి రెండు వేళ్ల కొనలు పోగొట్టుకున్నాడు. ఆయనది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కాల్సిన చెయ్యే దెబ్బతింది. తీగలు వదులుగా ఉంటే ఆ వేళ్లకు తేలిక. 1971 ఆల్బమ్‌కు వచ్చేసరికి శ్రుతిని మూడు మెట్లు దించి, 69 హెర్ట్జ్ దాకా తెచ్చాడు. ఆ బరువైన సౌండే తర్వాతి బ్యాండ్లకు దారి చూపించింది. ఏడు తీగల గిటార్లు వచ్చాక 62 హెర్ట్జ్ దాకా దిగారు. దాని కింద బేస్ గిటార్ 41 హెర్ట్జ్ నుంచి మొదలవుతుంది. కిక్ డ్రమ్ (కాలితో పెడల్ తొక్కి కొట్టే పెద్ద డ్రమ్) దెబ్బలోని బరువు కూడా సుమారుగా 50 నుంచి 100 హెర్ట్జ్ మధ్యనే ఉంటుంది. అంటే మూడు వాయిద్యాలు ఒకే ఇరుకు సందులో నిలబడ్డాయి. ఎక్స్‌ట్రా బేస్ సెట్టు సరిగ్గా ఆ సందునే ఇంకా ఉబ్బిస్తుంది. అప్పుడు మూడూ కలిసి ముద్దయిపోతాయి.

డబుల్ కిక్, అంటే రెండు కాళ్లతో కిక్ డ్రమ్ వాయించడం, దాని సంగతి మరీ కష్టం. నిమిషానికి 200 బీట్ల వేగంలో, ఒక్కో బీటుకు నాలుగు దెబ్బల చొప్పున కొడితే సెకనుకు 13 దెబ్బలు దాటతాయి. రెండు దెబ్బల మధ్య దొరికేది 75 మిల్లీసెకన్లు. బేస్ ఉబ్బి, ఆలస్యంగా తగ్గే సెట్టులో ఒక దెబ్బ పూర్తిగా చల్లారకముందే ఇంకోటి వచ్చి పడుతుంది. మీకు వినిపించేది గుర్రుమనే ఒకటే మోత. డ్రమ్మర్ కాళ్లతో ఎంత కష్టపడుతున్నాడో తెలియదు. దెబ్బదెబ్బకూ తేడా మన చెవికి తెలిసేది ఎక్కువగా పెడల్ తగిలే 'టక్' శబ్దం వల్ల, అది 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. డిస్టార్షన్ పెట్టిన (కావాలనే సౌండ్ చిట్లేలా చేసిన) గిటార్‌లోని గరుకుదనం, గొంతు చించుకుని పాడేవాడి మాట కూడా చాలావరకు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. బేస్ పెంచి, ఈ మధ్య భాగాన్ని లోతుకు నొక్కేసిన సెట్టులో మెటల్ పాటకు ప్రాణమైనదే వెనక్కి పోతుంది.

పైన ఇంకో ఇబ్బంది ఉంది. సింబల్స్ (డ్రమ్ సెట్టులోని లోహపు పళ్లేలు) మెటల్‌లో దాదాపు ఆగకుండా మోగుతూనే ఉంటాయి. కొన్ని చవక సెట్లు 'క్లియర్ సౌండ్' అనిపించడానికి 6,000 నుంచి 9,000 హెర్ట్జ్ దగ్గర ఎత్తి పెడతాయి. రెండు నిమిషాలు వింటే భలే ఉందనిపిస్తుంది. ఆల్బమ్ సగానికి వచ్చేసరికి చెవిలో గుచ్చినట్టుంటుంది, తల పట్టేస్తుంది. అందుకే ఒక్క పాట విని కొనేవాళ్లను నేను ఆపుతాను. కనీసం ఇరవై నిమిషాలు కూర్చోండి. దానికోసమే కౌంటర్ పక్కన ఒక బల్ల, రెండు కుర్చీలు వేయిస్తున్నాం. మీ ఫోన్, మీ పాటలే తెచ్చుకోండి. బాగా తెలిసిన పాట అయితే ఎక్కడ ఏం పోయిందో మీ చెవే చెబుతుంది.

అక్కడ వినేటప్పుడు ఒక జాగ్రత్త. రెండు సెట్లు పోల్చేటప్పుడు వాల్యూమ్ రెండింటికీ సమానంగా ఉండాలి. కొంచెం గట్టిగా మోగేదే బాగున్నట్టు మనిషి చెవికి ఎప్పుడూ అనిపిస్తుంది. ఒకే వాల్యూమ్ దగ్గర సెన్సిటివిటీ ఎక్కువున్న సెట్టు గట్టిగా మోగుతుంది, అంతమాత్రాన మంచిదైపోదు. మా కుర్రాడు ఆ రెండింటినీ సర్ది ఇస్తాడు. సౌండ్ బాగా తగ్గించి కూడా వినండి. తగ్గించినా బేస్ గిటార్ ఏం వాయిస్తోందో విడిగా పట్టుకోగలిగితే ఆ సెట్టు మెటల్‌కు పనికొస్తుంది.

పెట్టె మీద అంకెల్ని చూసి మోసపోవద్దు. '50 ఎంఎం డ్రైవర్' (డ్రైవర్ అంటే లోపల సౌండ్ పుట్టించే భాగం) అన్నంత మాత్రాన 40 ఎంఎం కంటే మంచిది కాదు. '10 నుంచి 25,000 హెర్ట్జ్' అని రాసి, ఆ మధ్యలో ఎక్కడ ఎన్ని డెసిబెల్స్ (శబ్దం గట్టితనానికి కొలత) ఎగుడుదిగుడు ఉందో రాయకపోతే ఆ అంకెలకు అర్థం లేదు. ఓమ్స్ మాత్రం చూడండి, అది కరెంటుకు సెట్టు ఎంత అడ్డు పడుతుందో చెప్పే అంకె. 16, 32 ఓమ్స్ ఉన్నవి ఫోన్‌తో హాయిగా మోగుతాయి. స్టూడియో వాళ్లు వాడే 250 ఓమ్స్ హెడ్‌ఫోన్ సెకండ్‌హ్యాండ్‌లో చవకగా దొరికిందని కొంటే, ఫోన్‌కు తగిలించాక సౌండ్ చాలదు. సౌండ్ పెంచే ఆంప్ విడిగా కొనాల్సి వస్తుంది.

ఇక ఏవి కొనాలి. రెండు వేల లోపైతే నా సలహా వైరున్న ఇన్-ఇయర్ సెట్లే. మూన్‌డ్రాప్ చూ 2, సెవెన్ హెర్ట్జ్ సాల్‌నోట్స్ జీరో లాంటివి తెప్పిస్తున్నాం. రెండింటిలోనూ గిటార్ ముందుకు వచ్చి నిలబడుతుంది, బేస్ ఉండాల్సినంత ఉంటుంది. రెండింటికీ వైరు విడిగా ఊడి వస్తుంది. ఇది పెద్ద విషయం. మా దగ్గరికి రిపేరుకు వచ్చే ఇయర్‌ఫోన్లలో ఎక్కువ భాగం 'ఒక పక్క పనిచేయట్లేదు' అనేవే, తప్పు వైరులోనే ఉంటుంది. వైరు మారితే సెట్టు బతుకుతుంది.

ఇన్-ఇయర్ కొన్నవాళ్లు బేస్ రాలేదంటే మొదట రబ్బరు టిప్పు మార్చి చూడండి. చెవి రంధ్రం గట్టిగా మూసుకోకపోతే బేస్ అంతా బయటికి పోతుంది. పెట్టెలో మూడు సైజులు ఇస్తారు, చాలామంది తగిలించి వచ్చినవే వాడేస్తారు. కొందరికి కుడి చెవికి ఒక సైజు, ఎడమ చెవికి ఒక సైజు పడుతుంది. బాగా మూసుకుంటే బస్సు ఇంజన్ మోత కూడా తగ్గుతుంది, దానికి నాయిస్ క్యాన్సిలింగ్ అక్కర్లేదు.

ఐదు వేల దాకా పెట్టగలిగితే చెవి కప్పే క్లోజ్డ్ హెడ్‌ఫోన్లు. ఆడియో-టెక్నికా ఎం20ఎక్స్ ఈ తరగతిలో నాకు నచ్చింది. 47 ఓమ్స్, ఫోన్‌తో నడుస్తుంది. గిటార్ పొరలు పొరలుగా వినిపిస్తుంది. కానీ వైరు 3 మీటర్ల పొడవు, ఊడి రాదు. ఇంట్లో టేబుల్ దగ్గర కూర్చుని వినేవాళ్లకు సరే, నడుస్తూ వినేవాళ్లు వద్దు. ఇంకో మాట మన ఎండల గురించి. ఏప్రిల్, మేలో లెదరెట్ కుషన్లు చెమటకు తడిసి, రెండేళ్లు తిరక్కుండానే పెచ్చులూడతాయి. విడి కుషన్లు, వాటి మీద తొడిగే బట్ట కవర్లు కూడా ఉంచుతున్నాం. ఓపెన్-బ్యాక్ రకం (వెనక వైపు మూసి ఉండనిది) చల్లగా ఉంటుంది, మెటల్‌కు సౌండ్ కూడా విశాలంగా ఉంటుంది, కానీ మీ పాట రూమంతా వినిపిస్తుంది. హాస్టల్ పిల్లలకు అది వద్దని నేనే చెబుతాను.

బ్లూటూత్ బడ్స్ అమ్మడం ఆపట్లేదు. సౌకర్యం సౌకర్యమే. కానీ అదే రెండు వేలలో బ్యాటరీకి, చిప్పుకు, ఛార్జింగ్ కేసుకు కూడా డబ్బు పోవాలి కదా, సౌండ్‌కు మిగిలేది తక్కువ. ఆ బ్యాటరీ కూడా కొన్నేళ్లకు నీరసిస్తుంది, మార్చడం దాదాపు కుదరదు. మీ ఫోన్‌కు 3.5 ఎంఎం జాక్ లేకపోతే టైప్-సీ డాంగిల్ కావాలి. లోపల డాక్ చిప్పున్న (ఫోన్‌లోని డిజిటల్ పాటను హెడ్‌ఫోన్‌కు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే చిప్పు) డాంగిలే అడగండి. చిప్పు లేని చవక కన్వర్టర్లు కొన్ని ఫోన్లలోనే పనిచేస్తాయి. ఫోన్ తెస్తే తగిలించి చూసి ఇస్తాం.

ఈ మాట మాత్రం తల్లిదండ్రులు కూడా చదవాలి. వారానికి 40 గంటలు వినేటట్టయితే పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, పిల్లలకు 75. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ వినదగ్గ సమయం సగమవుతుంది. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10 గంటలు, 92 అయితే వారం మొత్తానికి రెండున్నర గంటలే. మెటల్‌లో ప్రమాదం కాస్త ఎక్కువ, ఎందుకంటే చాలా రికార్డింగులు మొదటి నుంచి చివరి దాకా ఒకే గట్టితనంలో ఉంటాయి. మెటాలికా 2008 ఆల్బమ్‌ను మరీ గట్టిగా మాస్టర్ చేశారని (చివరి దశలో సౌండ్ సర్దడాన్ని అలా అంటారు) అభిమానులే పెద్ద గొడవ చేశారు. అలాంటి పాటల మధ్య చెవికి విశ్రాంతి దొరకదు. పైగా మన ఇళ్లలో ఎండాకాలం కూలర్ మోత. దాన్ని మించి వినాలని వాల్యూమ్ పెంచుకుంటూ పోతారు. బయటి శబ్దాన్ని ఆపే సెట్టు తీసుకుంటే తక్కువ సౌండ్‌లోనే అన్నీ వినపడతాయి. పాట ఆపాక చెవిలో గుయ్‌మంటుంటే, ఆ రోజుకు చాలించండి. మళ్లీ మళ్లీ అలాగే ఉంటే ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి.

ఇప్పటికే ఎక్స్‌ట్రా బేస్ సెట్టు ఉన్నవాళ్లు వెంటనే కొత్తది కొనక్కర్లేదు. ఫోన్‌లో ఈక్వలైజర్ (ఏ హెర్ట్జ్ దగ్గర సౌండ్ ఎంత ఉండాలో సర్దే చోటు) తెరిచి 125, 250 హెర్ట్జ్ గీతలను మూడు నాలుగు డెసిబెల్స్ కిందికి దించండి. 2,000 దగ్గర ఒకటి రెండు పెంచండి. పెంచినప్పుడు ప్రీఆంప్ (అక్కడే మొత్తం సౌండ్‌ను సర్దే గీత) అంత మేరకు తగ్గించండి, లేకపోతే సౌండ్ చిట్లుతుంది. చాలా సెట్లు దీంతోనే వినదగ్గట్టు అవుతాయి. మీకు కుదరకపోతే తీసుకురండి, డబ్బులేమీ తీసుకోకుండా సెట్ చేసి ఇస్తాం.

చెవి కప్పే సెట్లకు వారం లోపు మార్పిడి ఉంటుంది, పెట్టె, బిల్లు ఉండాలి. చెవిలో పెట్టుకునేవి శుభ్రత దృష్ట్యా మార్చం, అందుకే ప్రతి ఒక్కరికీ కొత్త టిప్పులు వేసి ముందే వినిపిస్తాం. మిగిలిన ఎక్స్‌ట్రా బేస్ స్టాకును ఈ నెలాఖరు దాకా తగ్గించిన రేటుకు ఇస్తున్నాం. డీజే పాటలు, సినిమా పాటలు ఇష్టంగా వినేవాళ్లకు అవి బాగానే ఉంటాయి, తీసుకోండి. మెటల్ కోసమని అడిగితే మాత్రం మా కుర్రాడు వాటిని చూపించడు. వినే బల్ల వచ్చే నెల ఒకటో తేదీ నుంచి, సాయంత్రం నాలుగు తర్వాత. ఆదివారాలు మధ్యాహ్నం దాకానే.