పర్లాకిమిడి నుంచి మైకు కబుర్లు

ఒరే బావా,

నీ ఉత్తరం అందింది. కిట్టు కొనుక్కుని మనమే బిగించుకోవాలా, ఇంకొన్నాళ్లు డబ్బులు దాచి తయారైన మైకే తెచ్చుకోవాలా అని అడిగావు కదా. కిట్టే తెప్పించు. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. డబ్బు కలిసొస్తుందని కాదు, క్యాప్సూల్ (గొంతుని పట్టే ముక్క) మంచిది వేసుకుంటే పెద్దగా కలిసిరాదు కూడా. పాడైతే మన చేత్తో మనం బాగుచేసుకోగలగాలి, అదీ నా ఆరాటం. ఇక్కడ మిక్సీ పాడైతే చూసేవాడున్నాడు, టీవీ పాడైతే చూసేవాడున్నాడు. స్టూడియో మైకు పట్టుకెళ్తే అటూ ఇటూ తిప్పి చూసి మళ్లీ మన చేతిలోనే పెడతారు. వానాకాలంలో ఈ ఊరి గాలి సంగతి నీకు తెలుసు. కొన్న మైకు ఒక రాత్రి టపటపలాడటం మొదలెడితే దాన్ని పెట్టెలో పెట్టి మూత వెయ్యడమే. కిట్టయితే అలా కాదు. అతుకు అతుకూ మన చేతి మీదుగా వెళ్లిందే కాబట్టి ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ముందు లోపల ఏం జరుగుతుందో మనసుకి ఎక్కించుకో. బంగారం పూత పూసిన పల్చటి మైలార్ పొర, దాని వెనక చిల్లుల ఇత్తడి పలక, ఇంతే క్యాప్సూల్. పొర మందం మామూలుగా 3 నుంచి 6 మైక్రాన్లు. రెండిటి మధ్యా ఓ 60 వోల్టులు పెడతాం. గొంతుకి పొర కదిలితే వాటి మధ్య కెపాసిటెన్సు, అంటే విద్యుత్తుని నిలవ ఉంచే శక్తి, మారుతుంది, ఆ మార్పే మనకి పాట. 1916లో అమెరికాలో వెంటే అనే ఇంజనీరు చేసిన మైకూ ఈ సూత్రం మీదే నడిచింది. వందేళ్లు దాటినా మూలం మారలేదు.

చిక్కంతా ఆ తరవాతే ఉంది. ఈ క్యాప్సూల్ కెపాసిటెన్సు 60 పికోఫారడ్ల చుట్టుపక్కల ఉంటుంది. 20 హెర్ట్జ్ దగ్గర దాని ఇంపెడెన్సు, అంటే కరెంటుకి అడ్డుపడే గుణం, 130 మెగా ఓములు దాటిపోతుంది. నేరుగా యాంప్లిఫయర్‌కి కలిపావంటే పాటంతా అక్కడే ఇంకిపోతుంది. అందుకని మధ్యలో ఒక ఫెట్ (ఒకరకం ట్రాన్సిస్టరు), దాని గేటు, అంటే సిగ్నల్ లోపలికి వెళ్లే కాలు, దగ్గర ఒక గిగా ఓమ్ రెసిస్టరు. ఒక గిగా అంటే వంద కోట్ల ఓములు బావా! అంత ఎందుకంటావేమో, లెక్క కట్టి చూడు. 1 గిగా, 60 పికో కలిస్తే మైకు పట్టే కింది హద్దు 2.65 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, మన చెవికి అందేదానికి ఎంతో దిగువన. అక్కడే వంద మెగా పెడితే ఆ హద్దు 26కి ఎగబాకుతుంది, డప్పు మోతలో అడుగు పల్చబడిపోతుంది.

మైకు ప్రాణమంతా ఆ గిగా ఓమ్ దగ్గరే ఉంది. ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. మిగతా బోర్డు మీద అతుకులు కాస్త వంకరగా ఉన్నా పని నడుస్తుంది. ఆ గేటు దగ్గర మాత్రం ఆరీ ఆరని చెమ్మ, కాస్త ఫ్లక్స్ (అతికేటప్పుడు వాడే జిగట పదార్థం) మరక, ఒక వేలిముద్ర ఉన్నా చాలు, వంద కోట్ల ఓముల పక్కన ఆ మరక కూడా ఒక రెసిస్టరై కూర్చుంటుంది. అందుకే ఆ రెసిస్టరు ఒంటిని వేళ్లతో పట్టుకోకు, కాళ్లని ట్వీజర్‌తో పట్టుకో.

క్యాప్సూల్ కొనేటప్పుడు ఏ రకమో అడిగి తెలుసుకో. కిట్లలో ఎక్కువగా రెండు రకాలు నడుస్తాయి, కె47, కె67. మైకులు చేసే జర్మనీ కంపెనీ నాయ్‌మన్ వాళ్ల 1960 నాటి యు67లో ఉన్నది రెండో రకం, 1967లో వచ్చిన యు87లో ఉన్నదీ దానికి దగ్గరిదే. అందులో 10 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దం బాగా పైకి లేస్తుంది. ఆ మైకుల్లో సర్క్యూట్ ఆ లేచినదాన్ని వెనక్కి దించుతుంది. అలా దించే ఏర్పాటు లేని సాదా బోర్డు మీద కె67 పెడితే 'స', 'ష' వచ్చినప్పుడల్లా చెవిలో గుచ్చుకుంటాయి. నీది సాదా బోర్డయితే కె47 అడుగు. ఆడవాళ్ల గొంతులు రికార్డు చెయ్యాలంటున్నావు కాబట్టి ఇది ఇంకా ముఖ్యం.

బిగించడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు, కిట్టుతో వచ్చే కాగితం చూసి పొట్టి భాగాలు ముందు, పొడుగువి తరవాత వేసుకుంటూ పో. క్యాప్సూల్ మాత్రం అన్నిటికన్నా ఆఖర్న. బోర్డు పని పూర్తయ్యేదాకా దాన్ని డబ్బాలోంచి బయటికి తియ్యకు. పొర మీద వేలు తగిలినా, నోటితో ఊదినా ముప్పే. చిన్న నలుసు పడిందనుకో, పడి ఉండనీ, దాంతో ఏమీ అవదు. తుడవబోతేనే పోతుంది.

ఫెట్ సంగతి ఒకటుంది. దానికి గేటు, సోర్సు, డ్రైను అని మూడు కాళ్లు. ఒకే నంబరు వేసున్న రెండు ఫెట్లు ఒకలా ఉండవు. 2ఎన్3819 డేటాషీట్ తీసి చూడు, గేటుని సోర్సుకి కలిపినప్పుడు పారే కరెంటు 2 మిల్లీ ఆంపియర్ల నుంచి 20 దాకా ఎంతైనా ఉండొచ్చని ఉంటుంది. పది రెట్ల తేడా! అందుకే సోర్సు దగ్గర ట్రిమ్ పాట్ (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టరు) పెడతారు. డ్రైను దగ్గర కాగితంలో చెప్పిన వోల్టేజీ వచ్చేదాకా దాన్ని నెమ్మదిగా తిప్పు. ఇంకెవరి మైకులోనో ఉన్న విలువ చూసి నీదాంట్లో పెట్టకు.

ఇంక కొలతలు. ఇక్కడే నాకు ఎక్కడలేని హుషారొస్తుంది. మైకుకి కరెంటు వచ్చేది 48 వోల్టుల ఫాంటమ్ నుంచి, అంటే పాట వెళ్లే తీగల మీదే వచ్చే కరెంటు నుంచి. 48 అనే అంకె ఎందుకో తెలుసా? 1966లో నాయ్‌మన్ వాళ్లు నార్వే రేడియోకి మైకులు చేసిచ్చినప్పుడు, అక్కడ స్టూడియోల్లో కరెంటు పోతే వెలిగే దీపాల కోసం 48 వోల్టుల సప్లై అప్పటికే ఉందట. దాన్నే వాడేశారు, ప్రపంచమంతా అదే నిలబడిపోయింది. ఆ 48 ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటరుకి కలిపే పెట్టె) లోపల రెండు 6.8 కిలో ఓముల రెసిస్టర్ల గుండా మైకు ప్లగ్గులో 2, 3 పిన్నుల మీదకి వస్తుంది, 1వ పిన్ను గ్రౌండు. మైకు ఒళ్లు విప్పి, పవర్ ఇచ్చి, 1కీ 2కీ మధ్య, 1కీ 3కీ మధ్య కొలిచి చూడు. రెండూ 38 చూపిస్తే 10 వోల్టులు దిగాయన్నమాట. ఆ రెండు రెసిస్టర్లూ కలిస్తే 3.4 కిలో కాబట్టి మైకు దగ్గర దగ్గర 3 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటోంది, బతికే ఉంది. అసలు దిగకపోతే కరెంటు పారట్లేదు, ఎక్కడో అతుకు అంటుకోలేదు. మరీ కిందకి పడిపోతే షార్టు, లేదంటే ఏదో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు తలకిందులుగా ఉంది. 2 ఒక అంకె, 3 ఇంకో అంకె చూపిస్తే ఆ రెండు పిన్నుల్నీ నడిపే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో ఒకదాన్ని పట్టుకో. చూశావా, ఇంకా శబ్దమే వినకుండా ఎంత తెలిసిపోయిందో!

ఒక్క చోట మాత్రం మీటరు మాట నమ్మకు. క్యాప్సూల్‌కి 60 వోల్టులు అందుతున్నాయా లేదా అని నేరుగా క్యాప్సూల్ మీద పెట్టి చూశావంటే అర వోల్టో, కాస్త ఎక్కువో చూపిస్తుంది. వోల్టేజీ రావట్లేదని గుండె జారిపోతుంది. మన డిజిటల్ మీటరు లోపల 10 మెగా ఓములే ఉంటాయి, దారిలో వెయ్యి మెగా ఉంది. వందో వంతే మీటరుకి కనపడుతుంది, 60కి 0.6 అన్నమాట. గిగా ఓమ్‌కి ఇవతల, 60 వోల్టులు తయారయ్యే చోట ఉన్న కెపాసిటరు మీద కొలువు, అసలు అంకె అక్కడ కనపడుతుంది.

ఇప్పుడు నా మైకు టపటప సంగతి. మధ్యాహ్నం ఎండగా ఉన్నప్పుడు నిమ్మళంగా ఉండేది. పొద్దుగూకి, మహేంద్రతనయ మీంచి చెమ్మగాలి మొదలైతే చాలు, హెడ్‌ఫోన్లో టప్, టప్ అని, మధ్యమధ్య నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు. క్యాప్సూలే పోయిందనుకుంటారు ఎవరైనా. దాన్ని మార్చే ముందు ఒక పరీక్ష ఉంది. క్యాప్సూల్ తీగలు విప్పేసి, ఆ స్థానంలో 68 పికోఫారడ్ల పాలిస్టైరీన్ కెపాసిటరు పెట్టి, ఒళ్లు మూసి, సాయంత్రం దాకా ఆగాను. అప్పుడూ అదే టప్పు. అంటే క్యాప్సూల్ తప్పేం లేదు, తప్పు బోర్డులోనే ఉంది. ఇదే కెపాసిటరు గుండా ఫోన్లోంచి 1 కిలోహెర్ట్జ్ మోత చాలా చిన్నగా పంపిస్తే ఫెట్ దగ్గర్నుంచి ముందుకి దారంతా సాఫీగా ఉందో లేదో కూడా తెలుస్తుంది. ఖర్చంటూ లేని పరీక్ష, తప్పకుండా చేసుకో.

బోర్డుని లైటు కింద ఏటవాలుగా పెట్టి భూతద్దంతో చూస్తే కనపడింది. ఫెట్ గేటు కాలు, గిగా ఓమ్ కాలు రెండూ బోర్డు చిల్లుల్లోనే దిగున్నాయి, వాటి చుట్టూ తేనె రంగులో ఫ్లక్స్ సన్నటి పొరలా ఎండి ఉంది. చెమ్మ పీల్చుకుని రాత్రిపూట కరెంటుని పక్కదారి పట్టించేది అదే. ఆ రెండు కాళ్లూ బోర్డు మీంచి లేపి, చిన్న టెఫ్లాన్ స్తంభం మీద గాల్లోనే కలిపి అతికాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి బ్రష్‌తో ఆ చుట్టూ కడిగి, మరక ఇంకో చోటికి జరిగి ఎండకుండా కాగితంతో అద్ది, మళ్లీ కడిగి, టేబుల్ లైటు వేడిలో ఆరబెట్టాను. ఆ టప్పు మళ్లీ వినపడలేదు, ముసురు పట్టిన రోజుల్లో కూడా. నువ్వు మొదటి నుంచే గాల్లో అతుకు. మైకుని మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు పెట్టు.

బుయ్యిమనే హమ్ము వస్తే మైకు ఒంటిని చేత్తో పట్టుకుని చూడు. పట్టుకోగానే తగ్గితే గ్రౌండు అందట్లేదని అర్థం. నాదాంట్లో 1వ పిన్నుకీ పై జాలీకీ మధ్య మీటరు బీప్ అనలేదు. మర చుట్టూ నల్లరంగు లోపలిదాకా వేసున్నారు, లోహానికి లోహం తగలట్లేదు. బ్లేడుతో గీకుతుంటే నలుపు పొడిగా రాలి కింద ఇత్తడి పచ్చగా బయటపడింది. బిగించగానే బీప్, హమ్ము మాయం.

ఇదంతా ఎవరి కోసమో నీకు తెలుసు. పెద్దమ్మ దంపుళ్ల పాటలు ఫోన్లో రికార్డు చేస్తే ఎలా ఉండేవో విన్నావుగా, గొంతు దగ్గరగా ఉన్నా ఊపిరి ఉండేది కాదు. ఇప్పుడు వెనక గదిలో బొంతలు వేలాడదీసి, మైకు వెనకవైపు వీధికి పెట్టి, ఆవిడకి జానెడు దూరంలో నిలబెడితే 'సువ్వి' అన్న మాటలో 'వ్వి' దగ్గర పెదాలు కలిసి విడిపోవడం కూడా వినపడుతోంది. చరణానికీ చరణానికీ మధ్య గాజుల చప్పుడుంది. తియ్యను, ఉండనీ. సెరంగో వైపు నుంచి సంతకి వచ్చే సవర పెద్దాయన ఒకాయన కూడా పాడతానన్నారు. సవర మాటల్లో గొంతు టక్కున బిగబట్టే ధ్వని ఒకటుంది. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే పంతులుగా పనిచేస్తూ ఆ భాష నేర్చుకున్నారు, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. కాగితం మీద ఆ ధ్వనికి గుర్తు పెట్టి చూపించాలి. మన దగ్గర ధ్వనే ఉంటుంది, మైకు దాని మీద తన టప్పు వెయ్యకుండా ఉంటే చాలు. నాకు ఈ పని మీద ఇంత పట్టుదల అందుకే.

కిట్టు రాగానే విప్పి, బోర్డు రెండు వైపులా ఫోటో తీసి పంపు, ఫెట్ మీద నంబరు కూడా కనపడేలా. గేటు చిల్లు ఎక్కడుందో చూసి ఏది గాల్లో లేపాలో చెప్తాను. అతకడం మొదలెట్టే ముందే పంపు. దసరాకి నౌపడ మీదుగా గుణుపురం రైలెక్కి వచ్చెయ్, క్యాప్సూల్ ఇక్కడే పెడదాం, పెద్దమ్మ ఎలాగూ నిన్ను అడుగుతోంది. వచ్చేటప్పుడు వైజాగ్‌లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక సీసా, టెఫ్లాన్ స్తంభాలు ఓ గుప్పెడు పట్రా. ఇక్కడ ఆ రెండే దొరకట్లేదు.

బేగి జవాబు రాయి.

నీ బావ