ఆమెకూ ఒక పేరుండేది

సంపాదకునికి,

ఇటలీ మూలాలున్న చిత్రకారుడు ఫ్రాన్సెస్కో రెనాల్డి 1789లో ఢాకాలో వేసిన ఒక తైలవర్ణ చిత్రం ఇప్పుడు అమెరికాలోని యేల్ బ్రిటిష్ కళా కేంద్రంలో ఉంది. పల్చటి తెల్లని బట్టలు, నగలు, పక్కన హుక్కా, దిండుకు ఆనుకుని మనవైపే చూస్తున్న ఒక ముస్లిం యువతి. ఆ చూపు నన్ను చాలా రోజులు వదల్లేదు. వేసినవాడి పేరు, ఊరు, సంవత్సరం అన్నీ తెలుసు. ఆమె పేరొక్కటే లేదు.

ఈస్టిండియా కంపెనీ దొరలతో కాపురం చేసిన ‘బీబీ’లలో ఒకరై ఉండొచ్చని కొందరి అంచనా. ఆ దొరల వీలునామాలు కొన్నింటిలోనూ వాళ్లకు పేరు ఉండదు.

ఇలాంటి బొమ్మల కింద మన పత్రికలు ‘గుర్తు తెలియని మహిళ’ అని వేస్తుంటాయి. ఆ మాట వినగానే రైలు పట్టాల పక్కన దొరికిన శవం వార్తే గుర్తొస్తుంది. నాకు చాలా బాధేస్తుంది. ఆమెను ఎరిగినవాళ్లు ఆ రోజు ఉన్నారు, పేరు రాసిపెట్టలేదు, అంతే. దయచేసి ‘పేరు నమోదు కాని స్త్రీ’ అని వేయండి. అలాగని బేగం అనో, నర్తకి అనో ఊహించి మాత్రం రాయొద్దు.

– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం