పలకలు ఇచ్చినవారికి, మగ్గం మోసుకొచ్చిన తాతగారికి వందనాలు

అందరికీ వందనాలు.

ఫిబ్రవరిలో ఈ గ్రూపులోనే ఒక సాయం అడిగాను. గుర్తున్నవాళ్ళు ఉండే ఉంటారు. మా సంఘంలో యవనస్థుల కూడిక నడిపే తమ్ముడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులేసుకుంటుంటే పాస్టరయ్యగారు ఆపి, "ఇంక నువ్వే చూసుకోవాలమ్మా" అన్నారు. నేను పోస్టాఫీసు కౌంటర్లో కూచునే మనిషిని. పాసుబుక్కులు, స్పీడ్ పోస్టు కవర్లు తప్ప 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలు 22 మందిని గంటసేపు ఒకచోట కూచోబెట్టడం నాకేం తెలుసు? అదే రాశాను ఇక్కడ. "బాగా ప్రార్థన చేసుకోండి సిస్టర్" అని జవాబిచ్చినవాళ్ళు చాలామంది. వాళ్ళకీ వందనాలే. కానీ ఈ పోస్టు పలకలు, దారాలు, పాత సంగతులు పట్టుకుని నిజంగా గుమ్మంలోకి వచ్చినవాళ్ళ కోసం.

ముందు నా ఘనకార్యం చెప్పేస్తాను. పదో తరగతి పరీక్షలయ్యి, ఈస్టరు కూడా దాటాక మొదటి శనివారం కూడిక పెట్టుకున్నాం. ఫోన్లో ఎవరో పరదేశం వాళ్ళు చేసిన వీడియో చూసి, గది చీకటి చేసి గుండ్రంగా కొవ్వొత్తులు పెట్టాను. మాది వేటపాలెం పక్క పల్లె, పైగా ఏప్రిల్. ఫ్యాన్లు వేస్తే కొవ్వొత్తులు ఆరిపోతున్నాయి, ఆపితే పిల్లలు ఉడికిపోతున్నారు. ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చెయ్యండి అన్నాను. మొదటి అబ్బాయి "పాస్" అన్నాడు, పేకాటలో అన్నట్టు. రెండోవాడూ పాస్. మూడో పాప నోరు తెరవలేక ఏడ్చేసింది. ఆమెను ఓదార్చబోతుంటే ఇంకో పాప చున్నీ కొస మంటకి తగలబోయింది. పక్కనున్న పిల్లాడు లాగేశాడు కాబట్టి సరిపోయింది. లైట్లు వేసి, సమోసాలు పంచి, ఇళ్ళకి పంపేశాను. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మర్నాడు ఆ "పాస్" అన్న అబ్బాయిని పక్కకి పిలిచి అడిగాను. "నాకు ఆ భాష రాదక్కా" అన్నాడు.

"ఏ భాష?"

"ప్రార్థన భాష."

నిజమే కదా! మన పెద్దలు ప్రార్థన మొదలుపెడితే "కృపాసత్యసంపూర్ణుడవైన పరమ తండ్రీ, నీ ఘనమైన నామమునకు స్తుతి స్తోత్రములు చెల్లించుకొనుచున్నాము" అని గోదారి వరదలా సాగుతుంది. విని పెరిగినవాళ్ళకి అది తల్లిపాలు. ఇంగ్లీషు మీడియం చదివి ఇంట్లో "ఏంటమ్మా, ఆకలేస్తుంది" అనే పిల్లలకి అది కొండెక్కడం. వాళ్ళకి భక్తి లేదని మనం అనుకుంటున్నాం. వాళ్ళేమో తమకి వ్యాకరణం రాదనుకుని నోరు మూసుకుంటున్నారు.

ఈ మాట పాస్టరమ్మగారి దగ్గర అంటే ఆవిడ నవ్వి, "వచ్చే శనివారం నేనొస్తాలే" అన్నారు. వచ్చి చాప మీద పిల్లల మధ్య కూచుని, కళ్ళు మూసుకోకుండానే మొదలుపెట్టారు. "దేవా, బియ్యం అడుగంటాయి. ఈయనకి చెప్తే వినిపించుకోరు. మా అమ్మ మోకాళ్ళ నొప్పులతో పడుకుంది, చూసి రావడానికి నాకు తీరిక లేదు. నాకు కోపంగా ఉంది, ఎవరి మీదో నాకే తెలీదు. ఆమెన్." పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అది ప్రార్థనేనా అని ఒక పాప అడిగింది కూడా. (ఈ ముక్కలు ఇక్కడ రాయొచ్చా అని అడిగితే, "రాసుకో, బియ్యం సంగతి అయ్యగారు కూడా చదువుతారు" అన్నారు.) అమ్మగారూ, ఆ నిమిషం నుంచే మా కూడిక మొదలైంది. దానికి ముందు జరిగినదంతా కొవ్వొత్తుల ఖర్చు.

అదే రోజు 56వ కీర్తన తీశాం. ఎనిమిదో వచనంలో దావీదు తన కన్నీళ్ళు దేవుడి బుడ్డిలో ఉన్నాయంటాడు, అవి ఆయన కవిలెలో కనబడుతున్నాయంటాడు. బుడ్డి అనగానే మగపిల్లలు కిసుక్కున నవ్వారు, ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. కవిలె అంటే ఏంటో ఒక్కరికీ తెలీదు. నాకూ తెలీదు, ఒప్పుకుంటున్నాను. ఇన్నేళ్ళు చదివి దాటేశాను. వరండాలో కూచున్న ఇంకో తాతగారు (మగ్గం తాతగారు కాదు), ఊళ్ళో లెక్కలు రాసి రిటైరైన మనిషి, అక్కడినుంచే అందుకున్నారు. "కవిలె అంటే కరణం లెక్కల కట్ట రా. ఎవడి పొలం ఎంత, ఎవడు ఎంత కట్టాలి, అన్నీ అందులో ఉండేవి. కవిలెలో ఎక్కిందంటే ఇంక కాదనడానికి లేదు." తమ ఏడుపు ఎవరో లెక్క రాసి పెట్టుకుంటున్నారన్న మాట పిల్లలకి ఎక్కడ తగిలిందో గానీ, గది కాసేపు అలా ఉండిపోయింది. మెడికల్ షాపు అన్న ఖాళీ సీసాలు కడిగి ఇచ్చాడు. వాటిలో ఒక్కొక్కరు ఒక్కో చుక్క నీళ్ళు వేశారు. ఎవరూ పైకి ఏమీ అనలేదు. నేను అడగలేదు.

కాగితం మీద తప్పులు రాసి కాల్చే పద్ధతి ఉందని చదివాను గానీ, చున్నీ సంగతి తర్వాత నిప్పు జోలికి పోలేదు. అంగన్‌వాడీ టీచరుగారు 20 పలకలు, ఒక డబ్బా బలపాలు ఇచ్చారు. రాసుకోవడం, తడిగుడ్డతో తుడిచేయడం, అంతే. రెండు పలకలు పగిలాయి టీచరుగారూ, కొత్తవి కొని పంపాను, అందాయనుకుంటాను.

మూడో శనివారం నా సరుకు. మా పోస్టాఫీసు నుంచే నీలం రంగు ఇన్‌లాండ్ లెటర్లు కొనుక్కెళ్ళాను. దేవుడికి ఉత్తరం రాయమన్నాను. సగం మందికి దాన్ని ఎటు మడవాలో తెలీదు, జిగురు అంచు ఎక్కడుందో తెలీదు. అడ్రసు దగ్గరికి వచ్చేసరికి పెద్ద చర్చే నడిచింది. "పిన్‌కోడ్ ఏం వెయ్యాలక్కా?" పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చిందని, మొదటి అంకె చూసి ఉత్తరం దేశంలో ఏ వైపు వెళ్ళాలో పోల్చుకోవచ్చని ఉద్యోగం ధోరణిలో చెప్పాను. ఒకరు ఆరు సున్నాలు వేశారు. ఒకడు మా ఊరి పిన్నే వేశాడు. ఎందుకురా అంటే "ఇంకో పిన్ నాకు తెలీదక్కా" అన్నాడు. ముద్ర కూడా వేసి పెట్టమన్నారు, అది మాత్రం రూలు ఒప్పుకోదు. మా పోస్ట్‌మాన్ అన్న తన పాత ఖాకీ సంచి ఇచ్చాడు, ఉత్తరాలన్నీ అందులోనే ఉన్నాయి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఎవరివి వాళ్ళకి అంటించినవి అంటించినట్టే తిరిగిస్తాను. నేను విప్పలేదు, విప్పను.

ఇక మగ్గం తాతగారు.

మా వైపు నేతపని గురించి చెప్పక్కర్లేదు. చీరాల, వేటపాలెం చుట్టూ గుంట మగ్గం చప్పుడు వినకుండా పెరిగినవాళ్ళు తక్కువ. కానీ మా పిల్లల్లో మగ్గం దగ్గర కూచున్నవాళ్ళు ఇద్దరే. దారాలతో ఏమైనా చేయిద్దామని, మిగులు నూలు దొరుకుతుందేమో అని మాత్రమే ఆయన్ని అడిగాను. శనివారం సాయంత్రం చూస్తే, 70 దాటిన మనిషి పాత మంచం చట్రానికి మేకులు కొట్టి, పడుగు బిగించి, మనవడి చేత సైకిల్ మీద పెట్టించుకుని, తను నడుచుకుంటూ వచ్చారు. చేతి సంచిలో రంగురంగుల కండెలు. ఆయన మా సంఘం మనిషి కాదు, మా మతమూ కాదు. "మీ దేవుడి సంగతి నాకు తెలీదమ్మా, పిల్లల పని కదా అని వచ్చా" అన్నారు.

పిల్లల్ని పిలిచి నిలువు పోగుల మీద చెయ్యి పెట్టించారు. "ఇది పడుగు. ముందే బిగిసి ఉంటది, మీ ఇష్టం కాదు. అడ్డంగా మీరేసేది పేక. రంగు మీ ఇష్టం." నేను వారం రోజులు కూచుని తయారుచేసుకున్న ప్రసంగం అంతా ఆ నాలుగు మాటల్లో అయిపోయింది. కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నాను. ఒక్కొక్కరు ఒక్కో మనిషిని తలుచుకుని, ఒక రంగు ఎంచుకుని, మనసులోనే వాళ్ళ పేరు అనుకుంటూ అటునుంచి ఇటు పోగు నడిపారు. ఎవరు ఎవరి కోసం వేశారో రాయను, అది వాళ్ళ సొంతం.

మధ్యలో ఒక పడుగు పోగు తెగింది. లాగినవాడి ముఖం పాలిపోయింది. తాతగారు ఏమీ అనకుండా మొలలోంచి చిన్న పొట్లం తీశారు. బూడిద. వేళ్ళకి కాస్త అద్దుకుని, తెగిన రెండు కొసలూ దగ్గర పెట్టి బొటనవేలితో ఒక్క మెలి తిప్పారు. ముడి లేదు, అతుకు కనిపించలేదు. లాగి చూపించారు, నిలిచింది. ఏడాదిగా సొంత అన్నతో మాట్లాడని ఒక అబ్బాయి "తాతా, ఒకటి తెంపు, నేను అతుకుతా" అన్నాడు. మూడుసార్లు ఊడిపోయింది. నాలుగోసారి నిలిచింది. ఇంటికెళ్ళాక ఏమైందో నాకు తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు.

మా సంఘ పెద్దల్లో ఒకరు తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూసి, "ప్రార్థనకి మోకాళ్ళు కావాలి గానీ మగ్గాలెందుకమ్మా" అన్నారు. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నారు. కానీ ఆఖరి శనివారం పిల్లల్ని ఒంగోలు తీసుకెళ్ళడానికి టిక్కెట్ల డబ్బులు ఎవరిచ్చారో తెలుసా? ఆయనే. పెద్దయ్యగారూ, మీతో ఇంకోసారి వాదించడానికి సిద్ధంగా ఉన్నాను, ముందు వందనాలు అందుకోండి.

ఒంగోలు ఎందుకంటే ప్రార్థన కొండ కోసం. ఇంతకాలం బస్సులో ఆ పక్కనుంచే పోయాం గానీ, పిల్లల్లో ఎవరూ ఎక్కలేదు. మాతో వచ్చిన రిటైర్డ్ హిస్టరీ మాస్టారు పైన కూచోబెట్టి చెప్పారు. తెలుగు మిషన్ మూసేద్దామా అని అమెరికా బాప్టిస్టుల్లో చర్చ నడుస్తున్న రోజులవి. 1854 జనవరి 1 తెల్లవారుజామున నెల్లూరు నుంచి వచ్చిన అమెరికా మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఈ కొండెక్కి ప్రార్థన చేశారు. మొత్తం ఐదుగురు. ఆ మిషన్‌కే చెందిన క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో, అంటే పన్నెండేళ్ళ తర్వాత. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలవలో కొంత ముక్క తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇచ్చాడు. ఆ సాయం నడిచినన్నాళ్ళూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, గింజల కోసం వచ్చారని ఎవరూ అనకూడదని. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

పిల్లలు 2,222 దగ్గర నోరు తెరుస్తారనుకున్నాను. ఒక పాప మాత్రం ఆ పన్నెండేళ్ళ దగ్గర ఆగిపోయింది. "పన్నెండేళ్ళు ఏమీ జరగకపోతే వాళ్ళకి కోపం రాలేదా మాస్టారూ?" ఆ వారమే పదో తరగతి ఫలితాలొచ్చాయి, ఆ పాపకి లెక్కలు పోయాయి. మాస్టారు వెంటనే జవాబివ్వలేదు. కాసేపాగి, "వచ్చే ఉంటుందమ్మా" అన్నారు. అక్కడ ఐదుగురు ఐదుగురుగా విడిపోయి కూచున్నాం. ఈసారి ఎవరూ పాస్ అనలేదు. ఒకడు "దేవా, ఎండగా ఉంది" అని మొదలుపెట్టి ఎక్కడికో వెళ్ళాడు. మొదటి శనివారం ఏడ్చిన పాప రెండే మాటలు అంది, నాకు వినబడలేదు, పక్కనున్న ముగ్గురూ ఆమెన్ అన్నారు.

తిరుగు రైల్లో చినగంజాం ఉప్పు మడులు కనిపిస్తుంటే మాస్టారు జేబులోంచి తీసి అందరికీ వేరుశనగ అచ్చులు పంచారు. మాస్టారూ, వాటి డబ్బులు మీరు తీసుకోలేదు. ఇది రెండోసారి అడగడం.

సీసాలిచ్చిన అన్నకి, మూడు శనివారాలు పులిహోర వండి పంపిన స్త్రీల సమాజం అక్కలకి, కరెంటు పోయినప్పుడల్లా జనరేటర్ వైరు మా గదికి లాగిన టెంట్ హౌస్ బాబాయికి, పెద్దపిల్లల్ని నమ్మి ఒంగోలు పంపిన అమ్మానాన్నలకి, ఇక్కడ నాకు ఫోన్ నంబరు ఇచ్చి "రాత్రి ఎన్నింటికైనా చెయ్యి చెల్లీ" అన్న ఇద్దరు అక్కలకి పేరుపేరునా వందనాలు. పేర్లు రాయొద్దన్నవాళ్ళు ఉన్నారు కాబట్టి ఎవరివీ రాయలేదు.

మగ్గం తాతగారూ, మీ మనవడు ఇది చదివి వినిపిస్తాడని తెలుసు. మీ చట్రం ఇంకా మా గదిలోనే గోడకి ఆనించి ఉంది. పోయిన సోమవారమే పంపాలి. పిల్లలు ఇంకా జానెడు మిగిలిందంటున్నారు, ఆకుపచ్చ కండె అయిపోయిందంటున్నారు. ఇంకో వారం ఆగండి. ఆకుపచ్చ నూలు ఉంటే కాస్త పంపండి.