రెండో డేటా సెంటర్ నుంచి ఒక్కపూట నడిపి చూపండి

సంపాదకులకు,

విశాఖలో డేటా సెంటర్‌కు గూగుల్ 5 ఏళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడుతుందని 2025 అక్టోబరులో ఒప్పందం కుదిరినప్పటి నుంచీ ఎకరాలు, మెగావాట్లు, ఉద్యోగాల వార్తలే చదువుతున్నాం. మన భూమి రికార్డులు, రేషన్ నడిచే ప్రభుత్వ డేటా సెంటర్ ఆగిపోతే రెండో చోటు నుంచి ఎంతసేపట్లో లేస్తాయో మాత్రం ఎవరూ అడగరు.

నేను హైదరాబాద్‌లో ఒక బ్యాంకుకు సర్వర్లు చూసే ఉద్యోగినిని. అసలు సెంటర్‌లో పడే ప్రతి మార్పూ వేరే ఊళ్లోని డీఆర్ (డిజాస్టర్ రికవరీ) సెంటర్‌కు, అంటే అసలుది ఆగితే పని అందుకోవాల్సిన రెండో చోటుకు, కాపీ అవుతూనే ఉంటుంది. తెరమీద పచ్చరంగు కనిపిస్తే పైవాళ్లకు నిశ్చింత. కాపీ ఉండడం వేరు, దానిమీద పని నడవడం వేరు. డేటాబేస్ లేచాకే అప్లికేషన్ లేవాలి. చిరునామాలన్నీ కొత్త ఐపీలకు (నెట్‌వర్క్‌లో సర్వర్ల నంబర్లకు) తిరగాలి. తీరా లాగిన్ పేజీ వచ్చాక ఓటీపీ రాదు! ఎస్సెమ్మెస్ కంపెనీవాళ్లు పాత సెంటర్ ఐపీనొక్కదాన్నే రానిస్తున్నారని అప్పుడు తెలుస్తుంది. ఇవి డ్రిల్లులో, అంటే పనిని రెండో చోటుకు మార్చి చూసే రిహార్సల్‌లో, బయటపడాలి. కానీ చాలాచోట్ల డ్రిల్లు పెళ్లిచూపుల తంతు: ముస్తాబు చేసిన నాలుగు సర్వర్లు లేపడం, స్క్రీన్‌షాట్, సంతకం. తిరుగుప్రయాణం ఊసే ఉండదు. డీఆర్‌లో ఆ పూట పడిన లావాదేవీలన్నీ వెనక్కి కాపీ చేసి, లెక్క సరిచూసుకుని అసలు చోటుకు రావాలి. వెళ్లడంకన్నా అదే కష్టం.

పైగా కాపీ అనేది తప్పును కూడా మోసుకెళ్తుంది. 2024 మేలో గూగుల్ అద్దెకిచ్చే సర్వర్ల సేవ గూగుల్ క్లౌడ్‌లోనే ఆస్ట్రేలియా పెన్షన్ సంస్థ యూనిసూపర్ వ్యవస్థ పొరపాటున చెరిగిపోతే రెండు చోట్లా ఉన్న కాపీలూ పోయాయి. వేరే సంస్థ దగ్గర కూడా బ్యాకప్ ఉండబట్టి గట్టెక్కారు. దక్షిణ కొరియాకు ఆ అదృష్టం లేదు. 2025 సెప్టెంబరు 26న డేజాన్‌లోని ప్రభుత్వ సెంటర్‌లో బ్యాటరీలు అంటుకుని 709 వ్యవస్థలు ఆగాయి. ఉద్యోగుల ఫైళ్లుండే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. బయట బ్యాకప్ లేదు.

మనకు స్టాక్ మార్కెట్ ఉదాహరణ ఉంది. 2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (ఎన్‌ఎస్‌ఈ) ఉదయం 11:40కి ఆగి, డీఆర్‌కు మారక, మధ్యాహ్నం 3:45కి గానీ తెరుచుకోలేదు. తర్వాత మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ, విపత్తు ప్రకటించిన 45 నిమిషాల్లో కోలుకోవాలని గడువు పెట్టింది. 2024 మార్చి 2 శనివారం పొద్దున అసలు చోటునుంచి, 11:30 తర్వాత డీఆర్ నుంచి నిజమైన సొమ్ముతోనే వ్యాపారం నడిపారు.

రెండు తెలుగు రాష్ట్రాల ఐటీ శాఖలూ అలాగే ఒక పనిదినం పూట చేసి చూపాలి. 2014 అక్టోబరు హుద్‌హుద్‌కు విశాఖలో కరెంటు, ఫోన్లు ఎలా పోయాయో చూశాం కాబట్టి, రెండో సెంటర్ అదే తీరంలో ఉందేమో కూడా చెప్పాలి. మీ విలేకరులు సమాచార హక్కు కింద అడిగినా సరే: చివరి డ్రిల్లు ఎప్పుడు జరిగింది, ఎంతసేపు పట్టింది, ఏవేవి లేవలేదు, మళ్లీ అసలు సెంటర్‌కు ఎలా వచ్చారు?

- ఒక బ్యాంకు ఉద్యోగిని, హైదరాబాద్